షాబాదు బండ మీద నుడికట్టు

పోయిన నెల మా పెద్దవాడు ముందరి వసారాలో టైల్సు వేయించాడు. నేను వద్దన్నాను. ఉన్న షాబాదు బండలు నేను కాపురానికి వచ్చేనాటికే పాతవి, నేను పోయాక కూడా మరో తరానికి పనికొచ్చేవి, వాటిని పెకిలించి కాలు జారే రాళ్లు పరిపించుకోవడం ఏం తెలివని అడిగాను. నా మాట ఈ ఇంట్లో ఇప్పుడు ఎంత మాత్రం చెల్లుతుందో నా ఈడువాళ్లకు వేరే చెప్పనక్కరలేదు. పనికి వచ్చిన మేస్త్రి ఒక బండను గడ్డపారతో లేపి, మట్టి దులిపి, దాని మీద మేకుతో గీసిన గళ్లు చూసి, "అమ్మా, గిదేం ఆట? పచ్చీసా?" అన్నాడు. కాదన్నాను. "మరి పులిజూదమా?" అన్నాడు. అదీ కాదన్నాను. అతను పని ఆపి, కథ వినేవాడిలా గోడకు ఆనుకుని కూర్చున్నాడు. కూలికి పిలిచిన మనిషిని కబుర్లతో కూర్చోబెట్టడం నాకు గిట్టదు గనుక, పని చూసుకోమని చెప్పి లోపలికి వచ్చేశాను. వచ్చానే గాని ఆ పూటంతా మనసు ఆ బండ దగ్గరే ఉండిపోయింది. అతనికి చెప్పనిది మీకు చెబుతాను.

మాది పాతబస్తీలో శాలిబండ. మా మామకు చింతపండు, బెల్లం టోకు వ్యాపారం. నేను నాలుగో తరగతి వరకే చదివాను. అయిదులో చేరే ముందు మా అమ్మ కాలు విరిగి మంచాన పడితే పొయ్యి బాధ్యత నా చేతికి వచ్చింది, పలక అటక మీదికి వెళ్లింది. పెళ్లయి ఈ ఇంటికి వచ్చిన కొత్తలో, ఈ ఇంట్లో అక్షరం కూడబలుక్కుని చదివే ఆడమనిషిని నేను ఒక్కదాన్నే కావడంతో, ఎవరూ అనుకోని ఒక పని నాకు దక్కింది. మామకు కళ్లలో పొరలు కమ్ముతున్న రోజులవి. బెల్లం దిమ్మను చేత్తో తడిమి ఏ ఊరి సరుకో చెప్పగలడు గాని, వారపత్రికలోని సన్న అక్షరాలు మాత్రం ఆయనకు చీమల బారులా కనిపించేవి. ఆ పత్రికలో చివరి పేజీకి ముందు పేజీలో గళ్ల నుడికట్టు వచ్చేది. అదొక్కటే ఆయన వ్యసనం. బీడీ లేదు, పేకాట లేదు, ఆదివారం పొద్దున మాత్రం ఆ నుడికట్టు ఉండాలి. ఆధారాలు చదివి వినిపించడం నా పని.

పత్రికను కొనేవాళ్లం కాదు. అద్దెకు పుస్తకాలిచ్చే దుకాణం నుంచి తెచ్చుకుని, మరక పడకుండా తిరిగి ఇచ్చేవాళ్లం. అందుకని గళ్లలో రాయడానికి వీల్లేదు. వసారాలో బండ మీద నేను సుద్దతో గళ్లు గీసి, అక్షరాలు అందులో రాసేదాన్ని. వారం వారం అంత సుద్ద నేలపాలు కావడం చూడలేక, ఒకరోజు మేకు తీసుకుని ఆ గళ్లను బండ మీద శాశ్వతంగా గీసి పెట్టాను. ఇల్లు పాడు చేశానని అత్త మస్తు రోజులు సణిగింది. మామ మాత్రం వేలితో ఆ గీతలు తడిమి చూసుకుని, మీసం దువ్వుకున్నాడు. నల్ల గళ్లు ప్రతి వారం మారతాయి కదా, అక్కడ చింతగింజలు పెట్టేదాన్ని. చింతపండు వ్యాపారం చేసే ఇంట్లో గింజలకేం కరువు.

ఇప్పటి పిల్లలకు తెలియదేమో గాని, అది మాటకు అర్థం అడిగి ఊరుకునే రకం నుడికట్టు కాదు. ఆధారం ఒక దిక్కు చూపిస్తూ మనల్ని ఇంకో దిక్కు నడిపిస్తుంది. ప్రతి ఆధారానికి రెండు కొసలు ఉంటాయని మామ చెప్పేవాడు. ఒక కొసలో అర్థం దాగి ఉంటుంది, రెండో కొసలో ఆ మాట తయారయ్యే పద్ధతి ఉంటుంది, ఏ కొస ఏదో పోల్చుకోవడమే పని. నేను చదివిన మొట్టమొదటి ఆధారం నాకు ఇంకా గుర్తుంది. "కడప వెనక్కి తిరిగితే వాలిపోవచ్చు", మూడు గళ్లు. కడప మీద కాలు పెడితేనే అత్త తిడుతుంది, ఇక వాలడం ఏమిటని నేను మా ఇంటి గుమ్మం వైపు చూస్తూ కూర్చున్నాను. మామ నవ్వాడు. "అది చెప్పే కథ నమ్మకు బిడ్డా, అక్షరాలను నమ్ము. కడప అని రాసి, ఎన్క నుంచి చదువు" అన్నాడు. క, డ, ప అని రాశాను. వెనక నుంచి చదివితే పడక. వాలిపోయేది పడక మీదే కదా. బడి మానేసిన తరువాత అక్షరాలు నాతో మళ్లీ మాట్లాడటం అదే మొదలు. ఆ రోజు కూరలో ఉప్పు రెండుసార్లు పడింది.

గళ్లకు అటు పక్క, గోనెసంచి మీద, పక్కింటి చాచా కూర్చునేవాడు. గొడుగులు, కిరసనాయిలు స్టవ్వులు బాగుచేయడం ఆయన పని, ఇంటి ముందరి గదే దుకాణం. తెలుగు మాట్లాడటం మా అందరికంటే బాగా వచ్చు, చదవడం మాత్రం రాదు. అయినా ఆటలో మామకు సరిజోడు ఆయనే. మామ ఆయన్ని మియా అనేవాడు, ఆయన మామను భాయ్ అనేవాడు. ఒక ఆదివారం "సముద్రానికి తల తీస్తే వేడి" అని వచ్చింది, రెండు గళ్లు. మామ జలధి అన్నాడు, సంద్రం అన్నాడు, ఏ సముద్రానికి తల తీసినా వేడి పుట్టలేదు. చాచా గొడుగు పుల్లకు తీగ చుడుతూ, "సాగరం అంటరు కదా భాయ్ మీరు? దాని తల కాట్ దే. ఏం మిగిలింది?" అన్నాడు. గరం. మామ మోకాలు చరుచుకున్నాడు. "నా భాషల ఉన్నది నీకెట్ల దొరుకుతది" అని చాచా సాయంత్రం దాకా మామను ఏడిపించాడు.

ఆ ఆటకు మా ఇంట్లో రెండు కట్టుబాట్లు ఉండేవి. ఒకరు ఆలోచిస్తుండగా ఇంకొకరు జవాబు చెప్పకూడదు. సూచన ఇవ్వవచ్చు, మెలిక పెట్టవచ్చు, వెక్కిరించవచ్చు, జవాబు మాత్రం నోట్లోనే ఉంచుకోవాలి. మా ఆయన ఒకసారి దుకాణానికి పోతూ పోతూ, మామ తన్నుకులాడుతున్న మాటను ఆలోచించకుండా బయటికి అనేస్తే, మామ తడిగుడ్డ అడిగి తీసుకుని గళ్లన్నీ తుడిపేశాడు. ఆ వారానికి ఆట అంతే. రెండో కట్టుబాటు, జవాబు చెప్పినంత మాత్రాన సరిపోదు, అది ఎలా వచ్చిందో విప్పి చెప్పాలి. నేను సొంతంగా సాధించిన మొదటిది "స్వప్నానికి దేవుడిచ్చింది తోడైతే కంగారే", నాలుగు గళ్లు. పప్పు మెదుపుతుండగా తట్టింది. పప్పుగుత్తి చేత్తోనే వసారాలోకి వెళ్లి కలవరం అన్నాను. ఇద్దరూ నా మొహం చూశారే గాని మెచ్చుకోలేదు. "ఎట్ల?" అన్నాడు మామ. స్వప్నం అంటే కల, దేవుడిచ్చేది వరం, రెండూ కలిస్తే కలవరం, కలవరమంటే కంగారు, అని గుత్తితో గాలిలో రాసి చూపించాను. "షాబాష్ బేటీ, ఇప్పుడు పప్పు జూడు, మాడుతున్నట్టుంది" అన్నాడు చాచా.

ఇలా ఎన్నో ఏళ్లు నడిచింది. నాకు ఇద్దరు పిల్లలు పుట్టారు, చాచా భార్య పోయింది, చాచా కొడుకులు చేతికందివచ్చి సంతోష్‌నగర్‌లో ఇల్లు కట్టుకున్నారు. చాచా ఉండే ఇల్లు ఆయనకూ ఆయన అన్నదమ్ములకూ ఉమ్మడిది. పంచుకోవడానికి చాలదని అందరూ కలిసి అమ్మకానికి పెట్టారు. కొడుకులు మంచివాళ్లే, తండ్రిని తమతో రమ్మన్నారు. ఆయనకు మాత్రం ఈ గల్లీ వదలడం ఇష్టం లేదు. ఉండటానికి ఇక్కడ చోటు లేదు, అడగటానికి నోరు రాదు. మామ అది కనిపెట్టాడు. మా ఇంటి ముందరి గదిలో బెల్లం దిమ్మలు నిలవ చేసేవాళ్లం. మామ ఒక రోజు మా ఆయన్ని పిలిచి, ఆ సరుకంతా దుకాణానికి చేర్చి గదికి సున్నం కొట్టించమన్నాడు. ఎందుకని మా ఆయన అడగలేదు, అందరికీ తెలిసిందే. ఆదివారం ఆట దగ్గర చాచాతో చెప్పాలని మామ అనుకున్నాడు.

ఆ ఆదివారం రాక ముందే మామకు పక్షవాతం వచ్చింది.

ఆసుపత్రి నుంచి ఇంటికి తెచ్చేసరికి కుడి చెయ్యి పడిపోయింది, మూతి కొంచెం పక్కకు పోయింది. అవి కాదు ఆయన్ని బాధపెట్టినవి. మనం అన్నది ప్రతిదీ అర్థమయ్యేది గాని, తను అనాలనుకున్న మాట నాలుక మీదికి వచ్చేది కాదు, దాని చోట సంబంధం లేని మరో మాట వచ్చేది. దాహమైతే తాళం అనేవాడు, అత్తను పిలవబోయి దుకాణం అనేవాడు. తను అన్నది తప్పని కూడా ఆయనకు తెలిసేది. ఇంటికి వచ్చిన చుట్టాలందరూ మంచం చుట్టూ చేరి "ఛాయా? దుప్పటా? మందా?" అని మాటలు అందించేవాళ్లు. ఆయన కళ్లు మూసుకునేవాడు. పక్కన ఎవరైనా సరైన మాట అందిస్తే ఇక ఆ పూటకు నోరు తెరిచేవాడు కాదు. చుట్టాలు మొండితనం అనుకున్నారు. అది ఆట మర్యాద అని మా ఇంట్లో వాళ్లకే తెలుసు.

దారి చూపింది చాచానే. ఒక ఆదివారం వచ్చి మంచం పక్కన కూర్చుని, మామ కుండ వైపు చూసి తాళం, తాళం అంటుంటే, నన్ను ఆగమని సైగ చేసి, "భాయ్, కొండల పుడ్తది, కుండల ఉంటది. రెండు గళ్లు" అన్నాడు. మామ చూపు నిలబడింది. పెదవులు కదిలాయి, ఆగాయి, మళ్లీ కదిలాయి. చాలాసేపటికి "నీ... ళ్లు" అన్నాడు. అత్త కొంగు నోటికి అడ్డం పెట్టుకుని వంటింట్లోకి పోయింది. చాచా మాత్రం "ఎట్ల వచ్చింది, చెప్పు" అని అడిగాడు. మామ ఎడమచేత్తో కుండను చూపించాడు. ఇద్దరూ నవ్వారు.

అప్పటి నుంచి మా ఇంట్లో ఎవరూ మామకు మాట అందించలేదు. సూచన ఇచ్చి ఆగేవాళ్లం. ఒక్కో మాటకు ఒక్కోసారి పొయ్యి మీద ఎసరు మరిగిపోయేది. నీళ్ల తరువాత ఎండ వచ్చింది, అన్నం వచ్చింది, గొడుగు వచ్చింది. చాచా కనిపించినప్పుడల్లా మామ గొడుగు అనేవాడు, అది ఆయన పేరనుకోండి. రావలసినవి ఇంకా చాలా ఉన్నాయి. ఇల్లు కొన్నవాళ్లు మాత్రం ఆగరు కదా. తాళంచెవులు ఇవ్వవలసిన రోజు దగ్గర పడింది. మా ఆయన చాచా దగ్గరికి వెళ్లి, గది సిద్ధంగా ఉంది, వచ్చి ఉండండి అన్నాడు. చాచా అతని తల నిమిరి, "గది చూసిన బేటా. సున్నం ఎవరి కోసం కొట్టిన్రో తెల్వదా నాకు. కానీ ఇల్లు మీ బాపుది, పిలుపు గూడ ఆయనదే కావాలె. నేను పిలవకుండ వచ్చి పడుండే మనిషినా?" అన్నాడు. కొడుకులతో కూడా అదే చెప్పాడు. భాయ్ నోటి నుంచి ఒక్క మాట వస్తే నేను రాను, రాకుంటే మీతో వస్తాను అని. కొడుకులు ఎదురు చెప్పలేదు. పెద్దవాళ్ల మధ్య మాట అది.

ఆ రోజు పొద్దున్నే ట్రాలీ ఆటోలో ఆయన పనిముట్లు, ట్రంకుపెట్టె, చుట్టిన పరుపు ఎక్కించారు. ఆదివారం కాకపోయినా చాచా మా వసారాలోకి వచ్చి తన గోనెసంచి మీద కూర్చున్నాడు. మామను కుర్చీలో తెచ్చి ఎదురుగా కూర్చోబెట్టాము. అత్త తలుపు పక్కన, నేను ఆమె వెనక, మా ఆయన అరుగు మీద. గల్లీలో వాళ్లు కూడా కొందరు వచ్చి నిలబడ్డారు. మామ నోరు తెరిచాడు. "గొడుగు" అన్నాడు. తనే కాదని తల ఊపాడు. చాచా ముందుకు వంగి, ఎప్పటిలా మెలిక పెడుతున్నట్టు, "పో అన్నదానికి ఎదురు మాట ఏంది భాయ్? రెండు గళ్లు" అన్నాడు.

తనను ఉండమనే మాటకు తనే ఆధారం ఇచ్చుకున్నాడు ఆ మనిషి. మామకు అర్థమైంది. కంట్లో వెలుగు వచ్చింది, పెదవులు గుండ్రంగా అయ్యాయి. "ఎండ" అన్నాడు. చిన్నగా మూలిగి మళ్లీ ప్రయత్నించాడు. "అన్నం." నుదుటి మీద చెమట పట్టింది. మా ఆయన తట్టుకోలేక, "చాచా, బాపు అనేదేందంటే..." అని మొదలు పెట్టాడో లేదో, మామ ఎడమ చెయ్యి పైకి లేచింది. గళ్లు తుడిపేసిన నాటి చెయ్యే అది. "బోల్నే దే ఉసే, ఆయననే చెప్పనీ" అన్నాడు చాచా కూడా. మా ఆయన తల వంచుకున్నాడు. ఆ మాట వసారాలో నిలబడ్డ ప్రతి ఒక్కరి నోట్లోనూ ఉంది. ఒక్కరూ అనలేదు. అనేస్తే ఆయన్ని ఓడించినట్టు. కోడలిని, పెద్దల ముందు నోరు తెరిచేదాన్ని కాదు, అయినా నా నాలుక చివర కూడా అదే మాట నలిగింది.

ఎంతసేపు ఆగామో చెప్పలేను. నీడ అరుగు దిగి వీధిలోకి జరిగింది. తాళంచెవుల కోసం వచ్చినతను గడియారం చూసుకుంటూ అటూ ఇటూ తిరిగాడు. చాచా పెద్దకొడుకు ఒకసారి హారన్ కొట్టి, తండ్రి వెనక్కి తిరిగి చూసేసరికి చెయ్యి తీసేశాడు. మసీదు నుంచి మధ్యాహ్నపు అజాన్ వినిపించింది. చాచా మోకాళ్ల మీద చేతులు ఆనించి లేచాడు. మామ భుజం మీద చెయ్యి వేసి, "ఫికర్ నక్కో భాయ్. సోంచ్, ఆలోచన చెయ్. వస్తది" అన్నాడు. ఆటో మలుపు తిరిగేదాకా మామ పెదవులు కదులుతూనే ఉన్నాయి.

రెండు రోజుల తరువాత, నేను వసారాలో చింతపండు పిక్కలు తీస్తుండగా, వెనక నుంచి స్పష్టంగా వినిపించింది. "ఉండు." తిరిగి చూస్తే మామ ఖాళీ గోనెసంచి వైపు చూస్తూ మళ్లీ అన్నాడు, "ఉండు, ఉండు." నన్ను చూసి, ఎట్ల వచ్చిందో అడగమన్నట్టు తల ఎగరేశాడు. మా ఆయన ఆ సాయంత్రమే బస్సెక్కి సంతోష్‌నగర్ వెళ్లాడు.

శుక్రవారం నమాజు అయ్యాక చాచా వచ్చాడు. కొత్త ఇస్త్రీ బట్టలు, మనిషి మాత్రం ఏదో ఇంటికి చుట్టంగా వచ్చినట్టు చెప్పులు బయటే నీటుగా విడిచి కూర్చున్నాడు. మామ ఆయన చెయ్యి పట్టుకుని, బడిలో పద్యం అప్పజెప్పే పిల్లాడిలా, "ఉండు" అన్నాడు. చాచా ఆ చేతిని తన రెండు చేతుల మధ్య పెట్టుకున్నాడు. "జవాబు సహీ ఉంది భాయ్" అన్నాడు. "తారీఖు దాటిపోయింది."

తరువాత అత్తతో విడిగా చెప్పాడు. నాడు ఆగిపోతే అది పోకుండా ఉండటం, అంతే, ఎవరికీ తప్పు కాదు. ఇవాళ వస్తే కొడుకుల ఇంట్లో నాలుగు రోజులు కూడా నిలవలేదంటారు, కోడళ్లు అన్నం పెట్టలేదంటారు. నా కోసం వాళ్లు గది వేశారు, ఆ పిల్లల మొహం చిన్నబుచ్చలేను భాభీ, అని. అది న్యాయమే. న్యాయం కాబట్టే ఇంకా గుచ్చుతుంది. తప్పు ఫలానా వాళ్లదని అనుకోగలిగితే తిట్టుకుని మరిచిపోయేదాన్ని. మామ పట్టుదల తప్పా? ఆ పట్టుదలతోనే కదా ఆయన నీళ్లు అడగగలిగాడు. మేము ఆగడం తప్పా? చాచా కోరింది కూడా అదే కదా. ఒక్క మాట, అందరికీ తెలిసిన మాట, రావలసిన నోటికి రెండు రోజులు ఆలస్యంగా వచ్చింది.

చాచా కొన్నాళ్లు ఆదివారాలు వచ్చాడు. యాకుత్‌పురా దాకా ఒక బస్సు, అక్కడి నుంచి ఇంకొకటి. మోకాళ్లు పట్టేశాక అప్పుడప్పుడు, ఆ తరువాత పండుగలకు, ఆ తరువాత కబుర్లు పంపడమే. మామ ఇంకో రెండు వానాకాలాలు చూశాడు. ఆ మాట మాత్రం ఆయనను వదలలేదు. ఇంటికి వచ్చి లేచి వెళ్లబోయే ప్రతివాళ్లనూ, పాలవాణ్నీ, డాక్టరునూ, "ఉండు" అనేవాడు. వాళ్లు నవ్వి ఇంకో నిమిషం నిలబడేవాళ్లు.

ఇప్పుడు నా వంతు వచ్చినట్టుంది. జబ్బేమీ లేదు, వయసే. చెబుతూ చెబుతూ ఒక మాట దగ్గర ఆగిపోతాను. కళ్ల ముందు వస్తువు కనిపిస్తుంది, దాని పేరు రాదు. నా పిల్లలు మంచివాళ్లు, క్షణం కూడా నన్ను వెతుక్కోనివ్వరు. కొడుకు ఒక మాట అందిస్తాడు, కోడలు ఇంకోటి, మనవరాలు ఫోనులోంచి తల ఎత్తకుండానే మూడోది. అందరికీ పనులున్నాయి, ఆగి కూర్చునే తీరిక ఎవరికుంది. వాళ్లు ఇచ్చిన వాటిలో దగ్గరగా ఉన్నదాన్ని తీసుకుని అవునంటాను. చాలాసార్లు నేను అనబోయింది అది కాదు.